చంకలో బిళ్ళ

తమ్ముడికి,

ఫోన్లో అయితే అంతా సరిగా చెప్పలేనని ఉత్తరం రాస్తున్నాను. నా చంకలో కట్టిన బిళ్ళ మనం భయపడిన జబ్బు కాదు.

డాక్టరమ్మ స్కానింగ్ చూసి, "ఈమధ్య ఈ చేతికి టీకా వేయించుకున్నారా?" అని అడిగింది. రెండు వారాల కిందట వేయించుకున్నానంటే నవ్వేసింది.

టీకా వేసిన చోట కాపలా ఉండే కణాలు ఆ మందును పట్టుకుని ముక్కలు చేస్తాయట. ఆ ముక్కల్ని ఒంటికి తగిలించుకుని చంకలోని గ్రంథికి వెళ్ళి, అక్కడ జబ్బులతో పోరాడే టి కణాలకు చూపిస్తాయట. వాటిలో చాలావరకు ఆ ముక్కల్ని పట్టించుకోవు. గుర్తుపట్టిన కణం మాత్రం ఒకటి రెండై, రెండు నాలుగై, వేలకొద్దీ పెరుగుతుందట. ఆ సందడికే గ్రంథి వాచింది.

"అయితే నేను పోవడం లేదా?" అన్నాను.

"ఇప్పట్లో లేదండీ. కొన్ని వారాల్లో అదే తగ్గుతుంది. తగ్గకపోతే మళ్ళీ రండి," అంది.

బయట మెట్ల మీద కూర్చుని కాసేపు ఏడ్చాను. తర్వాత బాగా ఆకలేసింది.

ఒక్క సంగతి. ఎలాగూ ఉండనని నా కుట్టుమిషన్ మరదలికి ఇచ్చేశాను కదా. తన మనసు నొచ్చకుండా ఎలా అడుగుతావో నీ ఇష్టం, దాన్ని వెనక్కి పంపించు.

నిక్షేపంగా ఉన్న
మీ అక్క