మేకుకు వేలాడిన బిళ్ళ

సూరారం, శుక్రవారం రాత్రి

అణు కరెంటు ప్లాంటులో మూడు నెలల మరమ్మతు పని ముగించుకుని నాయిన ఇవాళ వచ్చాడు. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో చెప్పే ఇంగ్లిషు కాగితం నా చేతికిచ్చి, "కాన్వెంటు మేడమ్, జర సదువు" అన్నాడు.

"ఏమీ తగల్లేదట" అని చదివాను. అమ్మ దాన్ని దేవుడి అరలో పెట్టి దండం పెట్టుకుంది.

నాయిన నవ్వాడు. "ఎట్ల తగుల్తది? జేబుకు పెట్టుకునే కొలిసే బిళ్ళను రూంల గోడ మేకుకు ఏలాడదీసి పనికి పోయిన. లెక్క ఎక్కువొస్తె పని బంద్ జేసి ఇంటికి తోలుతరు."

అంటే నేను చదివింది ఆ గోడ గురించి. నాయిన ఒంట్లో ఏముందో ఎవరూ కొలవలేదు.

సోమవారం మళ్ళీ వెళ్తాడు. బిళ్ళ జేబుకే పెట్టుకోమని చెప్పడానికి రెండుసార్లు ఆయన మంచం దాకా వెళ్ళాను. నా కాలేజీ చదువు ఆ పని డబ్బు మీదే నడుస్తోంది. రెండుసార్లూ అలాగే తిరిగొచ్చాను.