ఖాళీ కుండీల పాఠం

కడియం, 1982 జూలై, గురువారం

నిద్ర పట్టేట్టు లేదు. నిన్న ఏడువేల అయిదు అంకెల్లో రాయమంటే మంగ ఏడువేలు రాసి, దాని పక్కనే అయిదు పెట్టేసింది. 70005. "బుర్రలో మట్టుందా?" అని అరిచాను. సమానత్వం మీద అన్ని కరపత్రాలు చదివి, తొమ్మిదేళ్ల పిల్ల మీద అరిచాను. ఇవాళ పొద్దున మా అరుగు మీది బడికి అది రాలేదు.

మధ్యాహ్నం వాళ్లమ్మ పనిచేసే మొక్కల నర్సరీకే వెళ్లాను. సత్తెమ్మ కొమ్మలకి అంట్లు కడుతోంది, మంగ తట్టతో మట్టి మోస్తోంది.

"దాని బుర్రలో మట్టే ఉందన్నారంట కదా మాస్టారూ. అందుకే మట్టి పన్లో పెట్టేశానండి" అంది సత్తెమ్మ. తల దించుకుంటే కాళ్ల దగ్గర ఖాళీ కుండీలు కనపడ్డాయి.

అప్పుడు తట్టింది. నాలుగు కుండీలు వరసగా పెట్టాను: వేలు, వందలు, పదులు, ఒకట్లు. ఏడువేల అయిదుకి రాళ్లు వెయ్యమంటే మంగ మొదటి దాంట్లో ఏడు, చివరి దాంట్లో అయిదు వేసింది.

"మధ్యలో రెండూ ఖాళీయే కదా, తీసేద్దామా?" అన్నాను.

"తీసేత్తే ఏడు పదుల్లోకి జరిగిపోద్ది కదండీ. ఖాళీగానైనా ఉండాలండి" అంది.

ఖాళీ కుండీకో సున్నా చొప్పున పుల్లతో నేల మీద 7005 అని, దాని కింద ఏడువేల అయిదు అని రాసింది. నాకు గంతెయ్యాలనిపించింది.

సత్తెమ్మ ఆ రాత కేసే చాలాసేపు చూసింది. "రేపు పంపుతానండి. అరిచారంటే మటుకు మళ్లీ పంపను."

అరవనని మాటిచ్చాను. రేపటి పాఠం లక్షలు. పిల్లలు ఎన్నేసి సున్నాలు పెడతారో తలుచుకుంటేనే హుషారుగా ఉంది. నేను ఎన్నో సున్నా దాకా అరవకుండా ఓర్చుకుంటానో, అదే అనుమానం.