యాప్రాల్ ఫ్లాట్‌లో మూడో గది

లాలాగూడ, సికింద్రాబాద్
20 జూలై 2025

తమ్ముడు భానుప్రకాశ్‌కు,

అన్న సదాశివ ఆశీర్వదించి, కొంచెం కోపంగా కూడా రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. కరీంనగర్‌లో నువ్వూ, మరదలు రాధికా, పాపా బాగున్నారని తలుస్తాను. వానలు జోరుగా ఉన్నాయి. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు ఎప్పటిలాగే ఉన్నాయి.

నువ్వు ఫోన్‌లో మీ వదినతో అన్న మాట నాకు చేరింది. అన్న నోటితో ఇయ్యాల ఒకటి చెప్తడు, రేపు ఇంకోటి చెప్తడు, మార్కెట్ ముందు ముందు ఎట్లుంటదో కాగితం మీద రాసియ్యమను అన్నావట. ఒళ్లు మండింది. రెజిమెంటల్ బజార్‌లో కూర్చుని ఎందరికో ఇళ్లు ఇప్పించిన బ్రోకర్‌ని, సొంత సడ్డకుడికి, మా ఆవిడ చెల్లెలి మొగుడికి, రాతపూర్వకంగా చెప్పుకోవాల్సి వచ్చింది. సరే, రాస్తున్నాను. భద్రంగా దాచుకో.

నువ్వు చూసుకున్న ఆ యాప్రాల్ ఫ్లాట్ సంగతి. మూడు పడకగదులు, తూర్పు ముఖం, లిఫ్టు. నువ్వు సికింద్రాబాద్‌కు బదిలీ అయి రాగానే అందులో దిగుతారనీ, మూడో గదిలో అత్తమ్మను పెట్టుకుంటారనీ రాధిక చెప్పిందట. అత్తమ్మ ఇన్నేళ్లూ నా దగ్గరే ఉంది. ఉంటుందో పోతుందో ఆమె ఇష్టం, దాంతో నాకేం సంబంధం. నేను మార్కెట్ గురించే రాస్తాను.

సైనిక్‌పురిలో ఇక కొత్తగా కట్టడానికి జాగా దొరకదు. అందుకే జనమంతా యాప్రాల్ మీద పడ్డారు. జనం పడ్డారని బిల్డర్లు ఎడాపెడా కడుతున్నారు. ఇన్ని ఫ్లాట్లు కొనేదెవరు? రెండేళ్లు ఓపిక పడితే రేట్లు వాటంతట అవే దిగివస్తాయి. కొంపల్లి వైపు చూస్తానంటావేమో, పొద్దున ఆఫీసుకు బయల్దేరితే ట్రాఫిక్‌లోనే సగం ప్రాణం పోతుంది. శామీర్‌పేట మరీ దూరం. ఘట్‌కేసర్‌కు రైలుంది కదా అంటావు. రైలు ఉన్నచోట అమ్మేవాడు కూడా ఆ రైలు పేరు చెప్పే రేటు పెంచుతాడు. ఎక్కడా కొనొద్దంటున్నాడని నవ్వకు. కొను, కానీ ఆగి కొను. అంతగా ఆగలేకపోతే రెండు గదులది కొను. మూడు గదులది రేపు అమ్మాలన్నా గిరాకీ ఉండదు. మీ ముగ్గురికీ మూడు గదులెందుకు?

ఇక్కడిదాకా రాసేసరికి మీ వదిన అనుపమ భుజం మీంచి చదివింది. ఏందీ రాసుడు, జెర సక్కగ రాయి, నీ కుళ్లంతా కాగితం మీద కనబడుతున్నది అంది. కుళ్లేమిటి, అనుభవం అన్నాను. ఆమె నవ్వి వంటింట్లోకి పోయింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

సరే, దాచడం ఎందుకు. నీ మీద నాకు కుళ్లే. అత్తమ్మ మందులు నేను తెస్తాను, డాక్టర్ దగ్గరికి నేను తీసుకెళతాను, ఆ సంగతి గల్లీలో ఎవరికీ తెలియదు. నువ్వు ఆదివారం ఒక్క ఫోన్ చేస్తే చాలు, సాయంత్రానికి గల్లీ అంతా తెలుస్తుంది. మొన్న అన్నం తింటుంటే గుమ్మంలో అత్తమ్మ మాటలు వినబడ్డాయి. మా చిన్నల్లుడు నాకు సుత ఒక రూమ్ పెట్టిస్తున్నడు అని పక్కింటి మేబెల్ ఆంటీకి చెబుతోంది. పెద్దల్లుడి ఊసే లేదు. కంచం పక్కకు నెట్టి లేచాను.

మాది రెండు గదుల అద్దె ఇల్లు, ఒప్పుకుంటాను. అత్తమ్మ పడక హాల్లోనే, టీవీ పక్కన. అయినా ఏం తక్కువైంది? సాయంత్రం నేను రాగానే, ఇయ్యాల ఏమన్న బేరం కుదిరిందా బిడ్డా అని అడుగుతుంది. కుదరలేదంటే, రేపు కుదురుతది తియ్, కాళ్లు కడుక్కో పో అంటుంది. నీ బ్యాంకు ఉద్యోగానికి నెల తిరిగేసరికి జీతం వస్తుంది. నీకు ఆ మాటతో పనేముంది? నాకుంది.

కాబట్టి తొందరపడి టోకెన్ అడ్వాన్సు ఇవ్వకు. రాధికకు కూడా నచ్చజెప్పు.

నీ మేలు కోరే,
సదాశివ

తా.క. ఈ ఉత్తరం పోస్టు చేయకుండా జేబులో పెట్టుకునే తిరిగాను. నిన్న అత్తమ్మను ఆటోలో ఎక్కించుకుని యాప్రాల్ పోయాను. మంచి మనసుతో కాదు. బేరం చెడగొట్టాలంటే మా బ్రోకర్లు వాన పడ్డ మర్నాడు ఇల్లు చూపిస్తారు. చెమ్మ, బురద, కారే పైకప్పు అన్నీ ఒకేసారి కళ్లబడతాయి. మొన్న రాత్రంతా వాన. ఇదే అదను అనుకున్నాను. తీరా చూస్తే గోడలు పొడిగా ఉన్నాయి, లిఫ్టు నడుస్తోంది, మూడో గదిలోకి ఎండ వస్తోంది.

అత్తమ్మ ఆ గదిలోకి పోయి తలుపు వేసుకుంది. లోపల గడియ పెట్టిన చప్పుడైంది. ఎంతకీ బయటికి రాలేదు. పడిపోయిందేమోనని భయపడి పిలిచాను. ఏం గాలే బిడ్డా, ఊకెనే ఏసుకున్న అంది లోపలినుంచి. పుట్టినకాన్నించి నాకు ఏసుకోనీకి ఒక తలుపు లేకుండె, జెరసేపు కూసోనీ అంది. నేను బయట, ఫ్లాట్ తాళం తీసిన వాచ్‌మన్ పక్కన నిలబడ్డాను. మళ్లీ పిలవలేదు.

తమ్ముడూ, పైన మార్కెట్ గురించి రాసినదంతా అబద్ధం. అక్కడ రేట్లు ఇప్పట్లో తగ్గవు. మూడు గదులదే తీసుకో, ఈ వారంలోనే టోకెన్ ఇచ్చెయ్. నా కడుపుమంట చల్లారి ఈ మాట చెబుతున్నానని మాత్రం అనుకోకు.