వంద అడుగుల దగ్గర

బొబ్బిలి,
16-11-2025, ఆదివారం.

చిరంజీవి స్వర్ణకు తాతయ్య దీవెనలు. ఇక్కడ అందరం క్షేమమని రాయడానికి కలం సాగడం లేదు. విరిగిన నీ చేతికి ప్రభువు త్వరలో స్వస్థత అనుగ్రహించుగాక. ఈ ఉదయం ఆరాధనలో సంఘమంతా నీ పేరూ, నీకు విమానవిద్య నేర్పుతున్న త్రినాథ్ గారి పేరూ కలిపి ప్రార్థించాం. ఆయనకింకా స్పృహ రాలేదని విన్నాను.

రేపు పది గంటలకు విచారణాధికారులు నీ మంచం దగ్గరికే వస్తున్నారట. అందుకే మీ నాన్న ప్రకాష్ చేతికి ఈ ఉత్తరమిస్తున్నాను. ఫోనులో అయితే ఇదంతా చెప్పలేను.

జరిగినది నువ్వే నాకు చెప్పావు. ఇంజను శక్తి తగ్గించి, పైరెక్కల తిరుగుడు మీదనే హెలికాప్టరును దింపే అభ్యాసమది. నేలకు ఇంకా వంద అడుగుల ఎత్తు ఉండగా అన్నీ కుదురుకోకపోతే, గురువైనా శిష్యురాలైనా "గో అరౌండ్" అని కేక వేయాలి. ఆ క్షణమే శక్తి పెంచి పైకి లేవాలి. అది మీ నియమం. రెక్కల వేగం పడిపోవడం నువ్వు చూశావు. వంద దాటింది. యాభై దాటింది. నువ్వు పలకలేదు. తోక నేలకు తగిలింది.

నిన్న మీ అమ్మ నాతో అన్నది: "నాన్నా, అది అరిసిందనే సెప్పమను. ఆ సారు మంచం మీంచి నెగిసి కాదంటాడేటి?"

కన్నతల్లి భయం నాకు తెలియనిది కాదు. నీ లైసెన్సు ఆ ఒక్క మాట మీదనే నిలిచి ఉంది. కాని ఆ మాటతో తప్పంతా నోరు మెదపలేని మనిషిదవుతుంది. ఆయన భార్య కన్యాకుమారి గారు రోజూ నీ వార్డు గుమ్మం దాకా వచ్చి, నువ్వు అన్నం తిన్నావా అని నర్సును అడిగి వెళుతున్నారట. ఆయన పొరపాటు ఆయనది. నీది నీది.

కేక వేయలేదని చెప్పు తల్లీ. ఎందుకు వేయలేదని అడుగుతారు. అదీ దాచకు.

నీ మేలు కోరే,
కృపానిధి తాతయ్య.

తా.క.: ఆ 'ఎందుకు' నువ్వు నా కోసమే దాస్తున్నావు. ప్రమాదానికి వారం ముందు ఫోను చేసి, "తాతా, సారు రోజూ బాగా కిందికొచ్చీదాకా పవరు పెంచకుండా ఆగుతన్నారు. సెప్పీనా?" అని అడిగావు. నలభై ఏళ్లు పిల్లలకు పద్యాలు నేర్పిన నేను, "గురువుకే ఎదురు సెప్తావేటే? నోరు మూసుకుని నేర్సుకో" అన్నాను. ఈ సంగతి సంతకంతో రాసి, వేరే కవరులో మీ నాన్నకిచ్చాను. నిన్ను ప్రశ్నించే ముందే దాన్ని చదవమని అధికారులను వేడుకున్నాను.