చిట్టెమ్మను పంపించండి

వదినగారికి,

ఫోనులో అయితే మీరు నన్ను మాట్లాడనివ్వరు, అందుకే రాస్తున్నాను. అన్నయ్యగారి బేకరీ ప్రారంభానికి పిల్లలతో వస్తామన్నాం కానీ, రాలేము. కోపగించుకోకండి.

మీ ఊళ్ళో తట్టు ప్రబలిందట కదా అంటే, "పేపర్లవాళ్ళు గోరంతను కొండంత చేస్తారు" అని నవ్వేశారు. నేనూ నమ్మి పెట్టెలు సర్దాను. చంటివాడికి ఇంకా టీకా వేసే వయసు రాలేదు. "ఇప్పుడే వెళ్ళాలా తల్లీ?" అని నర్సమ్మ అడిగినా వినలేదు.

మొన్న మీరు పొయ్యి కట్టేయడానికి వెళ్తూ ఫోను చిట్టెమ్మ చేతికిచ్చారు. "బడికి వెళ్తున్నావుటే?" అన్నాను. అది గొంతు తగ్గించి, "వెళ్తున్నా అత్తయ్యా. మా క్లాసులో నేనూ ఇంకో అమ్మాయే మిగిలాం. అమ్మతో అనకు, బెంగపెట్టుకుంటుంది" అంది. అంతలో మీరు ఫోను లాక్కుని, బేకరీ గోడలకు ఏ రంగు వేయించారో చెప్పడం మొదలుపెట్టారు. ఆ రంగు పేరే మూడుసార్లు చెప్పారు వదినా.

దానికి టీకా పడలేదు. అక్కడ మందు దొరకడం లేదని మీరే అన్నారు. ఇక్కడ దొరుకుతోంది. విమానాలు తిరుగుతుండగానే అన్నయ్యగారిని తోడిచ్చి దాన్ని మా దగ్గరికి పంపించండి.

ఈ మాట అంటే మీ తమ్ముడు, "అది జబ్బు మోసుకొస్తే? మన చంటాడి సంగతేంటి?" అని కేకలేశారు. ఈ ఉదయం లేచి చూస్తే, ఆయన ఉయ్యాల మా పడకగదిలోకి మార్చేసి, వీధి వైపు గది ఖాళీ చేసి, కిటికీలు తుడుస్తున్నారు.

మీ మరదలు