శెట్టమ్మను లేపే ఆట

…అందుకే బొమ్మల సంగతి కూడా రాయాల్సిందే. అమ్మ మిద్దె మెట్లెక్కిన చప్పుడు విని నిన్న ఇక్కడే ఆపేశాను.

ధర్మపురిలో పప్పులూ బెల్లం అమ్మే చిన్నసామి కూతురు వేదవల్లి, పదహారేళ్లు, బుద్ధి సరిగ్గా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. బుద్ధి సరిగ్గానే ఉంది. తెలుగులో ఎందుకంటే, ఈ ఇంట్లో తెలుగు అక్షరాలు అవ్వకూ నాకూ తప్ప ఎవరికీ రావు, మిగతావాళ్లు చదివింది అరవమే. రేపు నాయన నన్ను వేలూరుకు తీసుకుపోతాడు. గుండెలో వాల్వుకు ఆపరేషన్. "ఏం కాదమ్మా, మత్తిచ్చి నిద్రపుచ్చుతారు, అంతే" అన్నాడు ఇక్కడి డాక్టరు. ఆ మాటకే నాకు భయం.

1. దీన్ని అందరికీ చదివి వినిపించి, జరిపించాల్సింది మా అవ్వ రంగనాయకమ్మ. అవ్వా, చిన్నమ్మ కమలవేణి పోయిన రోజు ఆమెను నడింట్లో పడుకోబెట్టి, ఆమె కొడుకు రాజుతో "మీ అమ్మ నిద్రపోతా ఉండాది కన్నా" అన్నది నువ్వే. ఆ ఏడాది దసరాకు బొమ్మల కొలువు పెట్టలేదు. ఈసారి పెట్టాం. విజయదశమినాడు, కొలువు ముగిసిందని ఆనవాయితీగా, అమ్మ అంగడి శెట్టి పెళ్లాం శెట్టమ్మ బొమ్మను పడుకోబెట్టింది. రాజు ఒక్క కేక పెట్టాడు. అప్పటినుంచి వాడి నోట మాట లేదు.

2. కొలువు పెట్టెలోని శెట్టి, శెట్టమ్మ, వాళ్ల అంగడి సామానుతో సహా, రాజుకే. ఏడాది పొడుగునా. అమ్మా, పండగ కాని రోజుల్లో వాటిని బయటికి తీస్తున్నది నేనే. తిట్టాలనుంటే తిట్టు, పెట్టెకు మాత్రం తాళం వెయ్యొద్దు.

3. ఆట ఎలాగంటే. శెట్టమ్మ పడుకుని ఉండాలి. లేపేది రాజు. మొదట్లో వాడు ఆమెను కందిపప్పులో పూడ్చేసేవాడు. నేను ఆపలేదు. పప్పులోంచి శెట్టమ్మ చేత గురక పెట్టించాను. నవ్వాడు! ఒకరోజు శెట్టిని చేతిలో పట్టుకుని, బొంగురు గొంతుతో, "లెయ్యే శెట్టమ్మా, అంగడి తెరవాల" అన్నాడు. అవును, వాడు మాట్లాడతాడు. శెట్టి గొంతుతో మాత్రమే. ఎవరికీ చెప్పొద్దని శెట్టి నా చేత ఒట్టు పెట్టించుకున్నాడు. నేను తిరిగి రాకపోతే ఆ ఒట్టు చెల్లదు.

శెట్టమ్మ వెంటనే లేవకూడదు. కాఫీ అడగాలి. కాలు తిమ్మిరెక్కిందనాలి. శెట్టి తిడితే పడాలి. "అక్కా అను, అవ్వా అను" అని వాణ్ణి వేధించొద్దు. మాట్లాడాడని మెచ్చుకోనూ వద్దు. మెచ్చుకుంటే ఆట కాస్తా పాఠం అయిపోతుంది.

4. చిన్నాయన పెరుమాళ్‌కు నా చింతగింజలన్నీ. "అప్పా అను, అప్పుడిస్తా" అని కొడుకు ముఖం ముందు బొంగరం ఊపిన రోజు నేను మర్చిపోలేదు. వాణ్ణి సేలంలో మూగపిల్లల బడిలో వేసే ముందు, ఈ గింజలే డబ్బులనుకుని, నేలమీద కూర్చుని, శెట్టి దగ్గర బెల్లం కొనాలి. "ఇంతేనా? చాలదు, పోవయ్యా పో" అని తరుముతాడు. అది మీ కొడుకు గొంతు చిన్నాయనా. లేచి పోకండి. బేరమాడండి.

5. నా స్నేహితురాలు అలమేలుమంగకు జామెట్రీ బాక్సు. అందులోని కంపాసు ఎనిమిదో క్లాసునుంచీ ఆమె దగ్గరే ఉంది.

6. ఇది అన్నిటికన్నా ముఖ్యం. నన్ను పడుకోబెట్టి ఇంటికి తెస్తే, నిద్రపోతోందని రాజుతో చెప్పొద్దు. చచ్చిపోయిందని చెప్పండి. చచ్చిపోయినవాళ్లు లేవరని చెప్పండి. చిన్నమ్మ సంగతి కూడా అప్పుడే చెప్పండి, నాకు చేతకాలేదు. పడుకున్నవాళ్లు లేస్తారని రోజూ ఆటలో చూపించింది నేను. చెప్పకపోతే వాడు నా పక్కన కూర్చుని లేపుతూనే ఉంటాడు. నిన్న శెట్టి అడిగాడు, "వేలూర్లో నిన్నెవరు లేపతారు?" అని. శెట్టమ్మ మళ్లీ కాఫీ అడిగింది.

ధర్మపురి, 1973 నవంబరు 18, ఆదివారం.

సి. వేదవల్లి

సాక్షులు ఇద్దరుండాలట, ఆస్తి పొందేవాళ్లు కాకూడదట. ఇంక నాకు మిగిలింది వీళ్లే:
శెట్టి (బొమ్మ వేలు పసుపులో ముంచి వేసిన ముద్ర)
శెట్టమ్మ

ఎవరో తలుపు తడుతున్నారు. మళ్లీ తట్టారు, గొళ్లానికి చాలా కింద. కాగితాలు శెట్టమ్మ కింద పెట్టేస్తాను, ఎవరికి దొరికినా చదవగలిగేది అవ్వ ఒక్కతే

"అక్కా, పండుకున్నావా? లెయ్యక్కా."

శెట్టి గొంతు కాదు. లేస్తున్నా