తుపాకీకి కట్టిన తోరం

సెప్టెంబరు 24
మా తెలుగు రైతుల క్యాంపులో దొంగలు మళ్లీ పొలం మోటారు కేబులు కోసుకుపోయారు. ఈసారి మాది. తమ్ముడు వీరబాబు నాన్న డబుల్ బ్యారల్ తుపాకీ దించి నూనె పెట్టాడు. లైసెన్సు పొలంలో పడే పందుల కోసం ఇచ్చింది కదరా అంటే, వీళ్లూ పందులే అక్కా అన్నాడు.

సెప్టెంబరు 27
వీరబాబు సింధనూరు స్టేషనుకి వెళ్లొచ్చాడు. ప్రాణం మీదికొస్తే కాల్చడం వేరు, వైరు కోసం కాలిస్తే నువ్వే లోపలికెళ్తావు అన్నారట ఎస్సై గారు. వీడికి మొదటి సగమే వినిపించింది. దొంగ చేతిలో కర్రున్నా ప్రాణం మీదికొచ్చినట్టే కదా అంటాడు. మరదలు శ్రావ్య నా వంక చూసింది.
పందిని కొట్టిన రోజు వీడు అన్నం తినడు. మనిషిని కొడితే ఇక ఎప్పటికీ తినలేడు.

అక్టోబరు 1, ఆయుధ పూజ
ట్రాక్టరు, కొడవళ్లు, స్ప్రేయరు, తుపాకీ. అన్నిటికీ కుంకుమ, బంతిపూలు, పసుపు తోరం. నాన్న ఉన్నప్పుడు తుపాకీకి ఒక్క ముడే. నేను ట్రిగ్గర్ చుట్టూ తిప్పి ముడి మీద ముడి వేస్తూ పోయాను. ఇన్నెందుకక్కా అన్నాడు. మొక్కు అన్నాను. అబద్ధం కాదు.
పూజ తోరం తెంపకూడదు. విప్పాలి. వాడికీ తెలుసు.

అక్టోబరు 3
దసరా అయిందిగా, తీసెయ్యనా అన్నాడు. పౌర్ణమి దాకా ఉంచమన్నాను.

అక్టోబరు 5, ఉదయం 9
స్వామీ, నీకు నమస్కారం.
మసక వెలుతురులో తుపాకీ పట్టుకుని గట్టు మీదికెళ్లాడు. తూము దగ్గర కంబళి కప్పుకున్న మనిషి. వీణ్ణి చూడగానే పార ఎత్తి మీదికొచ్చాడట. వీడూ తుపాకీ ఎత్తాడు. వేలు పెట్టబోతే తోరం. తెంపితే అరిష్టం. పంటితో లాగితే ఎంగిలి. అంచేత పార నెత్తి మీదికొస్తుంటే, తల వంచుకుని గోళ్లతో ముడి విప్పుకుంటూ నిలబడ్డాడు నా తమ్ముడు.
పార ఆగింది.
"ఏం చేస్తున్నావయ్యా అల్లుడూ?"
శ్రావ్య వాళ్ల నాన్న, శివరామకృష్ణయ్య గారు. మా పక్క పొలం ఆయనదే. ఇవాళ నీటి వంతు మాది. చప్పుడు లేకుండా తన మడికి తిప్పుకుంటున్నారు. తుపాకీ చూసి కేబులు దొంగ అనుకున్నారట. ఆయనదీ ఆత్మరక్షణే.
ఇద్దరూ మా అరుగు మీద కాఫీ తాగారు. అడిగితే నేనే తిప్పేవాణ్ణిగా మావయ్యా అన్నాడు వీడు. అల్లుణ్ణి అడగడం నామోషీ అన్నారాయన. శ్రావ్య ఇద్దర్నీ తిట్టి ఇద్దరికీ ఉప్మా పెట్టింది. నేను పూజగదిలోకెళ్లి నవ్వాను. తర్వాత దీపం వెలిగించి దణ్ణం పెట్టుకున్నాను.

అక్టోబరు 7
పౌర్ణమి. తోరం విప్పడానికి కూర్చున్నాను. వద్దులే అక్కా, ఉండనీ అన్నాడు.

జనవరి 19
ఎన్నికలట, లైసెన్సు తుపాకులన్నీ పోలీసులకి ఇచ్చెయ్యాలట. తుపాకీ స్టేషన్లో అప్పగించి వచ్చాడు. రసీదు చూశాను. డబుల్ బ్యారల్ ఒకటి, తోరంతో సహా.